అఫ్సా పెళ్ళి వీడియో

వించిపేట, విజయవాడ
జూన్ 16, 2008

బుజ్జీ,

ఈ ఉత్తరం చింపేయకు. చింపాలనిపిస్తే చదివాక చింపు. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేసేదానివి, ఇప్పుడు ఆ నంబరే పనిచేయడం లేదంటోంది. మీ ఆయన అంతోని సెల్‌కి చేశాను. "అడిగి చెప్తానండీ" అన్నాడు, పాపం మర్యాదగానే అన్నాడు. ఆ అడగడం ఏమైందో నీకే తెలియాలి. నేనే బస్సెక్కి వచ్చి నీ గుమ్మం ముందు నిలబడదామంటే, ఇబ్రహీంపట్నం ఎంత దూరమనీ. కానీ మీ నాన్నని వదిలి వీధి చివరికి కూడా వెళ్ళలేకపోతున్నాను. అందుకే కాగితం పట్టుకున్నాను. నా అక్షరాలు నీకు కొత్తా, కుక్క కాలు పిల్లి కాలు అని నువ్వు నవ్వేదానివిగా.

తిన్నగా చెప్పేస్తాను. మీ నాన్నకి మతిమరుపు జబ్బు. మొదట్లో కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మర్చిపోతుంటే వయసులే అనుకున్నాను. ఆ తర్వాత గన్నవరంలో ఒక పెళ్ళికి బ్యాటరీలు ఛార్జి పెట్టకుండా తెచ్చాడు. ఖాజీగారు నిఖా చదువుతుండగా కెమెరా ఆగిపోయింది. పెళ్ళివాళ్ళు తిట్టిన తిట్లు ఆడవాళ్ళ గదిలో వాళ్ళ వైపు వీడియో తీస్తున్న నాకు వినపడ్డాయి. ఆయనకి మాత్రం ఎందుకు తిడుతున్నారో అర్థం కాలేదు, బయటికొచ్చిన నన్ను చూసి "ఏమైందే వీళ్ళకి" అన్నాడు. డాక్టరు మెదడు స్కానింగ్ తీయించి చూశాడు. ఇది తగ్గే జబ్బు కాదమ్మా, పెరుగుతూనే ఉంటుంది, ముందు ముందు మిమ్మల్ని కూడా గుర్తుపట్టరు అన్నాడు. ఆ మాట బిల్లు రాస్తూ చెప్పాడు, తల కూడా ఎత్తలేదు. స్టూడియో మూసేశాం. బోర్డు దించి మంచం కింద పెట్టాను.

ఇందులో నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆయన నీ మీద కోపం కూడా మర్చిపోయాడు. నువ్వు వెళ్ళిపోయిన సంగతే ఆయనకి తెలియదు. రోజూ సాయంత్రం అసర్ నమాజు అవగానే "అఫ్సా ఇంకా బడినుంచి రాలేదేంటే" అంటూ గేటు దగ్గర నిలబడతాడు. మొదటిసారి నేను నిజం చెప్పాను. దానికి పెళ్ళయింది, ఇబ్రహీంపట్నంలో కాపురముంటోంది అన్నాను. "పెళ్ళా? నేను లేకుండా ఎవరు చేశారు?" అని నా చేయి పట్టుకుని ఊపేశాడు. చేసుకున్నదయ్యా, పిలిచింది, నువ్వే వెళ్ళలేదు అన్నాను. నేలమీద కూలబడి ఏడ్చాడు బుజ్జీ. తెల్లారేసరికి అదీ మర్చిపోయాడు. సాయంత్రం మళ్ళీ అదే ప్రశ్న, నేను మళ్ళీ అదే జవాబు, ఆయన మళ్ళీ కొత్తగా అంతే ఏడుపు. ఇక నిజం చెప్పడం మానేశాను. ట్యూషన్‌కి వెళ్ళింది అంటున్నాను. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళయ్యేదాకా గేటు దగ్గరే ఉంటాడు. లోపలికి రమ్మంటే తిడతాడు.

నీ కోపం న్యాయమైనదే, కాదనను. నువ్వు మా దగ్గర ఏం అడిగావు? చర్చిలోకి రావద్దులే నాన్నా, బయట చెట్టు కింద నిలబడైనా నా పెళ్ళి వీడియో తియ్యి అన్నావు. ఊరందరి ఆడపిల్లల పెళ్ళిళ్ళూ తీసిన మనిషి నీ పెళ్ళి తీయలేదు. ఆ రోజు పొద్దున్నే నేను చీర మార్చుకుని కూర్చున్నాను, ఆయన లేస్తే వెనకాలే లేద్దామని. ఆయన లేవలేదు. నేనూ లేవలేదు. నువ్వేమో వేరే వీడియోవాణ్ణి పెట్టుకోనని మొండికేసి, మేం వస్తామని మెట్ల మీదే చూసి చూసి, ఆఖరికి ఫాదర్‌గారు పిలిస్తే లోపలికి వెళ్ళావని తర్వాత కరిముల్లా చిన్నాన్న చెప్పాడు. నీ పెళ్ళికి వీడియో లేదు. నాకు మనవడు పుట్టాడని కూడా చిన్నాన్న చెప్తేనే తెలిసింది.

ఆయనకి ఇప్పుడు మనసు కుదుటపడేది ఒక్క పాత పెళ్ళి క్యాసెట్లు చూస్తేనే. తను తీసినవే. చూస్తున్నంతసేపూ మనిషి మామూలుగా ఉంటాడు, "ఇక్కడ లైటు తక్కువైంది" అని తప్పులు కూడా పడతాడు. కానీ క్యాసెట్లన్నీ బూజు పట్టాయి. వీసీఆర్ టేపు నమిలేస్తోంది. చూసి చూసి చిన్నాన్న గోడకి తగిలించే పలచటి కొత్త టీవీ తెచ్చి పెట్టాడు. దాన్ని చూసిన దగ్గర్నుంచి ఆయన "ఇది ఎవరిల్లు, మనింటికి పోదాం పద" అని చెప్పులేసుకుని ఒకటే గొడవ. అది తీయించేసి మన పాత డబ్బా టీవీ దాని స్టాండు మీద పెడితే గానీ అన్నం ముట్టలేదు. పైవాటాలో రాజ్యశ్రీ అని ఒకమ్మాయి అద్దెకుంటోంది, కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్తుంది. క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తే అక్కణ్ణించి వైరు మీద పాత టీవీలోకే తెప్పించొచ్చు ఆంటీ అంటోంది. చూడాలి.

నేను అడిగేది ఒక్కటే. ఒకసారి రా. ఆయన నిన్ను ఏమీ అనడు, అనడానికి ఆయనకేమీ గుర్తు లేదు. ఇంకా నీ పేరు గుర్తుంది, నీ ముఖం గుర్తుంది. అవి పోకముందే రా. బాబుని తీసుకురాకపోయినా పర్లేదు, అంతోనితో రాకపోయినా పర్లేదు, నాతో మాట్లాడకపోయినా పర్లేదు.

నీ అమ్మ
షహజాది

వించిపేట
ఆగస్టు 25, 2008

బుజ్జీ,

రిజిస్టర్డ్ పోస్టులో పంపాను కదా, దాని కార్డు నీ సంతకంతో తిరిగొచ్చింది. అఫ్సా అంతోని అని రాశావు. చేతిరాత మారలేదు, ఫ దగ్గర ఒత్తు అలాగే వంకర. దాన్నే జవాబనుకుని దిండు కింద పెట్టుకున్నాను. అసలు జవాబు మాత్రం నువ్వు రాయలేదు. సరే, నాకు చెప్పుకోడానికి ఇంకెవరున్నారు, నీకే చెప్తాను. వినడం మాత్రం నీకు తప్పదు, సంతకం పెట్టి తీసుకున్నావుగా.

టీవీ సంగతి కుదిరింది. ఎలా కుదిరిందో చెప్తే నవ్వుతావు. రాజ్యశ్రీ సెంటర్లో ఎవరో వద్దనుకున్న చిన్న డబ్బా ఒకటి తెచ్చింది. కంప్యూటర్ నుంచి వైరు వచ్చి దాంట్లో గుచ్చితే, కంప్యూటర్లో ఉన్న సినిమా అయినా పెళ్ళయినా టీవీలో వస్తుందట. వెనక గదిలో మీ నాన్న ఎడిటింగ్ కంప్యూటర్, ముందు గదిలో టీవీ. మధ్యలో వెంటిలేటర్లోంచి వైరు లాగాం. నేనే స్టూలెక్కాను, ఆ పిల్లకి ఎత్తంటే భయం. తీరా డబ్బా వైర్లు చూస్తే ఎరుపు, తెలుపు, పసుపు. మన టీవీ వెనక చూస్తే యాంటెన్నా పెట్టే కన్నం ఒక్కటే. రాజ్యశ్రీ ముఖం వాడిపోయింది. "ఇంత పాత టీవీ నేనెప్పుడూ చూళ్ళేదాంటీ, దీనికి కుదరదు" అంది. కుదరకపోవడమేంటి, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ పందిట్లో టీవీ పెట్టి మగవాళ్ళ వైపు నిఖా చూపించేవాళ్ళం కదా, అప్పుడు కెమెరా వైర్లు వీసీఆర్ వెనక పెట్టి, వీసీఆర్ నుంచి యాంటెన్నా వైరు టీవీకిచ్చేది నేనేగా. టేపులు నమిలినా వీసీఆర్‌లో ఆ దారి మూసుకుపోలేదు. అలాగే పెట్టాను. ఛానెల్ తిప్పి తిప్పి ట్యూన్ చేస్తే, ముందు ఇసక రాలింది, తర్వాత బొమ్మ వచ్చింది. రంగులు కాస్త పాలిపోయాయి గానీ బొమ్మ బొమ్మే.

అప్పటినుంచీ నేను రాత్రీ పగలూ క్యాసెట్లు తుడుస్తూ, వీసీఆర్ నమిలేస్తోందని మన పాత కెమెరాలో పెట్టి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. పొద్దున ఒకసారి పెడితే ఒక పెళ్ళి తర్వాత ఇంకో పెళ్ళి అదే వస్తూ ఉంటుంది, నేను లేచి మార్చక్కర్లేదు. మీ నాన్న కుర్చీలో కూర్చుని చూస్తాడు. కంప్యూటర్ సంగతీ వైరు సంగతీ ఆయనకి తెలియదు. తన టీవీలో తన పెళ్ళిళ్ళు వస్తున్నాయి, అంతే. సాయంత్రమయ్యేసరికి మాత్రం ఎంత మంచి పెళ్ళి వస్తున్నా లేచి గేటు దగ్గరికి పోతాడు.

నేనింత కష్టపడింది ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. నువ్వు రావని నాకు తెలిసిపోయింది. ఎక్కడో ఒకచోట, ఎవరి పెళ్ళిలోనైనా, నువ్వు ఒక్క క్షణం కనపడినా చాలు, ఆ ముక్క కోసి పదేపదే వచ్చేలా పెట్టేద్దామనుకున్నాను. చిన్నప్పుడు నిన్ను ఎన్ని పెళ్ళిళ్ళకి తిప్పాం. నా కొంగు పట్టుకుని తిరిగేదానివి, కెమెరా బ్యాగు మీదే నిద్రపోయేదానివి. అన్నేళ్ళ క్యాసెట్లలో ఒక్కదాంట్లోనైనా లేకుండా ఉంటావా అనుకున్నాను.

లేవు బుజ్జీ. ఎక్కడా లేవు. నువ్వు నా వెంట ఆడవాళ్ళ వైపే ఉండేదానివి. ఆడవాళ్ళ వైపు క్యాసెట్ మనం కాపీ కూడా ఉంచుకోకుండా పెళ్ళికూతురి తల్లి చేతికే ఇచ్చేసేవాళ్ళం. పరదా ఉన్న ఇళ్ళవాళ్ళు మనల్ని పిలిచేదే ఆ నమ్మకం మీద. మన దగ్గర మిగిలినవి మగవాళ్ళ వైపువి. ఆ వైపు నువ్వు మీ నాన్న దగ్గరికి పరిగెత్తినప్పుడల్లా ఎడిటింగ్‌లో నేను కట్ చేసేదాన్ని. ఆయన పద్ధతి నీకు తెలుసుగా. "కస్టమరు మనల్ని పెట్టింది వాళ్ళ పిల్లల్ని తీయడానికి, మన పిల్లని కాదు" అనేవాడు. పని శుభ్రంగా చేసేవాళ్ళమని మనకి పేరు. అంత శుభ్రంగా చేశాం. ఒక పెళ్ళిలో పిల్లలంతా ఎవరినో చూసి చేతులూపుతున్నారు. ఆ ఎవరో నువ్వేనని నాకు తెలుసు. నువ్వొచ్చే చోటికి బొమ్మ మారిపోయి బిర్యానీ డేగిసా వచ్చింది. అది నేను కోసిన కోతే. చాలా నీటుగా కుదిరింది.

ఇంట్లో నీ ఫోటోలు ఉన్నాయి కదా అంటావేమో. చూపించాను. పెళ్ళికి ముందు నువ్వు దిగిన ఫోటో చూపిస్తే "ఎవరమ్మాయి, బాగుంది" అన్నాడు. చిన్నప్పటి ఫోటో చూపిస్తే కాసేపు చూసి వెనక్కి తిప్పి పెట్టాడు. కదిలేది అయితేనే ఆయనకి అది మనిషి. కదలనిది ఆయనకి పట్టడం లేదు.

రమ్మని మళ్ళీ అడుగుతున్నాను. నాకు సిగ్గు లేదు.

అమ్మ

వించిపేట
నవంబరు 8, 2008

బుజ్జీ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక కాగితాలు పాడుచేశాను. ఇక ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. విన్నాక నన్ను ఏమన్నా పడతాను.

దసరా సెలవులయ్యాక మీ నాన్నకి మరీ ఎక్కువైంది. ఒకరోజు గేటు తీసుకుని నిన్ను వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. పంజా సెంటర్లో ఆడపిల్లల బడి ముందు నిలబడి, వచ్చే పోయే ప్రతి పిల్ల ముఖంలోకీ వంగి చూస్తున్నాడట. ఎవరో తప్పుగా అనుకుని చేయి చేసుకున్నారు. పెదవి చిట్లి, చొక్కా చిరిగి, తెలిసినవాళ్ళు రిక్షాలో తెచ్చి దించారు. రక్తం తుడుస్తుంటే "అఫ్సా తప్పిపోయిందే, ఎంత వెతికినా కనపడలేదే" అన్నాడు. మీ నాన్న ఎలాంటి మనిషో నీకు తెలుసు, పెళ్ళికూతుర్ని కూడా ఎదురుగా నిలబడి తేరిపార చూసేవాడు కాదు, కెమెరాలోంచే చూసేవాడు. అలాంటి మనిషికి ఆ దెబ్బలు. ఆ రోజు నాకు ఇక చాలనిపించింది.

మర్నాడు టీవీలో ఉయ్యూరు పెళ్ళి వస్తోంది. షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఇష్తియాక్ గారి అమ్మాయి తబస్సుం పెళ్ళి, నువ్వు ఇంటర్ చదివేటప్పుడు తీశాం. మగవాళ్ళ వైపు క్యాసెట్ కదా, పెళ్ళికూతురు ఆఖర్న అప్పగింతల దగ్గర తప్ప కనపడదు. కనపడినప్పుడు కూడా నిలువెల్లా పూల తెరే, ముఖం ఎక్కడిది. ఆ పిల్ల కారు దగ్గర ఏడుస్తుంటే మీ నాన్న గొంతు వినిపిస్తుంది, కెమెరా వెనకనుంచి, "ఏడవకు తల్లీ, ఇటు చూడు, నాన్న వైపు చూడు" అని. వాళ్ళ నాన్న ఇటు పక్కన నిలబడి ఉన్నాడు, ఆయన వైపు చూడమ్మా అని చెప్పడం. ప్రతి పెళ్ళిలోనూ అనేవాడు, నీకు గుర్తుండే ఉంటుంది.

తన గొంతు తను విని మీ నాన్న కుర్చీలోంచి లేచాడు. "ఇది మన అఫ్సా కదే" అన్నాడు. నేను బియ్యం ఏరుతున్నాను. "మన అఫ్సా పెళ్ళేగా ఇది? నేనే తీశానుగా? నా మాటే కదా అది?" అన్నాడు. చిట్లిన పెదవితోనే నవ్వుతున్నాడు బుజ్జీ. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

నేను అవునన్నాను.

అంతే. ఒక్క మాట. ఆ రోజు సాయంత్రం గేటు దగ్గరికి వెళ్ళలేదు. "అఫ్సా అత్తారింట్లో సుఖంగానే ఉందిగా" అని అడిగాడు. సుఖంగానే ఉందన్నాను. హాయిగా అన్నం తిని పడుకున్నాడు. పొద్దున్నే లేచి "మన అమ్మాయి పెళ్ళి పెట్టవే" అన్నాడు. అన్నీ మర్చిపోయే మనిషి అది మర్చిపోలేదు. రాజ్యశ్రీకి చెప్పి ఆ పెళ్ళి ఒక్కటే మళ్ళీ మళ్ళీ వచ్చేటట్టు పెట్టించాను. ఇప్పుడు మన టీవీలో పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా నీ పెళ్ళే. నిఖా దగ్గర ఆమీన్ అంటాడు. భోజనాల దగ్గర అందరికీ వడ్డించారా అని అడుగుతాడు. అప్పగింతల దగ్గర ప్రతిసారీ ఏడుస్తాడు. అది మంచి ఏడుపులే, ఏడ్చి కళ్ళు తుడుచుకుని టీ అడుగుతాడు. నిన్న శుక్రవారం తలుపు గొళ్ళెం పెట్టి, రాజ్యశ్రీని ఒక కంట కనిపెట్టమని చెప్పి, చాన్నాళ్ళకి నేను మందులకీ కూరలకీ బజారుకి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి ఎలా కూర్చున్నవాడు అలాగే ఉన్నాడు.

ఇన్నాళ్ళూ రమ్మని రాశాను. ఇప్పుడు ఈ చేత్తోనే రాస్తున్నాను, రావద్దు. నువ్వొచ్చి నేనే అఫ్సాని అంటే, ఆ టీవీలో ఉన్నది ఎవరని అడుగుతాడు. నీకు పెళ్ళెక్కడ జరిగింది, ఎవరు చేశారని అడుగుతాడు. మళ్ళీ నేలమీద కూలబడతాడు, మళ్ళీ బడి ముందుకి పోతాడు. నేను ఇంకోసారి ఆ రక్తం తుడవలేను. కన్నకూతుర్ని ఇంటికి రావద్దనే తల్లి ఉంటుందా అని నువ్వు అనుకుంటావు. నేనూ అనుకుంటున్నాను. ఎవరో ఉయ్యూరు పిల్లని తెచ్చి నీ కుర్చీలో కూర్చోబెట్టాను, ఆ పిల్లకి కూడా ఈ సంగతి తెలియదు. ఆయనకి ఇంక ఎన్నాళ్ళుందో తెలియదు. ఉన్నన్నాళ్ళూ ఆ పెళ్ళి అలా జరగనివ్వు. నువ్వు ఎలాగూ రావు, వద్దని రాయడం ఎందుకు అని కూడా అనిపించింది. అయినా చెప్పకుండా దాచలేకపోయాను.

నన్ను క్షమించమని అడగను. కోపమొస్తే తిడుతూ ఒక ఉత్తరం రాయి. నీ రాత చూసినట్టుంటుంది.

అమ్మ

ఇబ్రహీంపట్నం
నవంబరు 13, 2008

అమ్మా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నువ్వు రావద్దని రాసింది శనివారం. నేను ముందురోజు శుక్రవారమే వచ్చి వెళ్ళాను.

రావాలని ముందే అనుకున్నదేం కాదు. నీ రెండో ఉత్తరం బీరువాలో పెట్టి తాళం వేశాను గానీ, ఆ పిల్లలు చేతులూపే ముక్క మనసులోంచి పోలేదు. శుక్రవారం బాబుని మా అత్తయ్య శౌరమ్మ గారి దగ్గర వదిలి, ఊరికే బజారుకని చెప్పి బస్సెక్కాను. పంజా సెంటర్లో దిగాక కూడా వెనక్కి వెళ్ళిపోదామనే అనుకున్నాను. ఇంటి తలుపుకి బయట గొళ్ళెం ఉంది. మెట్ల మీద నుంచి ఒకమ్మాయి "ఎవరు కావాలండీ" అంది. కూతుర్నని చెప్పడానికి నోరు రాలేదు. పాత కస్టమర్నండీ, సార్‌ని చూసి పోదామని వచ్చాను అన్నాను. ఆమే గొళ్ళెం తీసింది. వెళ్ళేటప్పుడు ఆంటీకి చెప్పొద్దని బతిమాలాను. ఆమెని ఏమీ అనకు.

నాన్న చాలా చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద నుంచి జారిపోతోంది. నేను గుమ్మంలో నిలబడి నాన్నా అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేకపోయేసరికి నా వైపు చూసి నవ్వి, "రామ్మా, కూర్చో, మంచి టైముకి వచ్చావు, మా అమ్మాయి పెళ్ళి వస్తోంది" అన్నాడు. కుర్చీ తనే జరిపాడు. నేను కూర్చున్నాను.

నాకు అప్పటికి ఏమీ తెలియదు కదమ్మా. ఎవరి పెళ్ళో చూసి ఏదో అంటున్నాడనుకున్నాను. తర్వాత తర్వాత అర్థమైంది. "మా అఫ్సా" అంటూ ఒక్కొక్కటీ చూపించాడు. అదిగో అల్లుడు, మంచి కుటుంబం, నెమ్మదస్తుడు అన్నాడు. మా అమ్మాయి ఒక్కతే కూతురు, అందుకే ఊరంతా పిలిచాను అన్నాడు. కారు దగ్గర బొమ్మ కాస్త వణికింది. "అన్ని పెళ్ళిళ్ళు తీశానమ్మా, ఎప్పుడూ చేయి వణకలేదు. ఇక్కడ ఒక్కచోట వణికింది, చూశావా? సొంత బిడ్డ కదా" అన్నాడు. ఏడవకు తల్లీ అని టీవీలోంచి ఆయన గొంతు వచ్చింది. నాన్న పాత గొంతు. చర్చి మెట్ల మీద నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. నాన్న టీవీ వైపు చూస్తూ ఏడ్చాడు. నేను పక్కనే ఉండి ఆయన్ని చూస్తూ ఏడ్చాను. నా కోసం ఆయన ఏడవడం ఒక్కసారి చూడాలని ఇన్నేళ్ళూ అనుకున్నాను. అంతోనితో కూడా అన్నాను. చూశాను.

ఏడుపు ఆగాక నా కళ్ళు చూసి, "నీకూ మీ పెళ్ళి గుర్తొచ్చిందా అమ్మా" అన్నాడు. అవునన్నాను. "మీ పెళ్ళి వీడియో ఎవరు తీశారు? నేనేనా?" అన్నాడు. లేదండీ, ఎవరూ తీయలేదు, మా నాన్న వస్తాడని చూశాను, రాలేదు అన్నాను. అంతే, నాన్నకి కోపం వచ్చింది. నిజంగా కోపం వచ్చిందమ్మా, మునుపటిలాగే ముక్కుపుటాలు అదిరాయి. "అదేం మనిషమ్మా? ఎంత కోపముంటే మాత్రం కూతురి పెళ్ళికి రాకపోవడమేంటి? ఏ ఊరాయనది? నేనొచ్చి మాట్లాడతాను" అన్నాడు.

మాట్లాడి ప్రయోజనం లేదండీ, ఆయన నన్ను మర్చిపోయాడు అన్నాను.

నాన్న నవ్వేశాడు. చిన్నపిల్ల ఏదో తెలియక అన్నట్టు నా తల మీద చేయి పెట్టాడు. "పిచ్చిపిల్లా, కూతుర్ని ఎవరైనా మర్చిపోతారా?" అన్నాడు. ఈలోపు పెళ్ళి మళ్ళీ మొదటికొచ్చింది. షాదీఖానా గేటు, లైట్లు, ఖాజీగారు దిగుతున్నారు. ఆయన చేయి తీసుకుని అటు తిరిగిపోయాడు. నేను లేచి వచ్చేటప్పుడు చూడలేదు.

నువ్వు చేసింది తప్పో ఒప్పో నేను చెప్పలేను. తిడదామని కూర్చుంటే మాట రావడం లేదు. ఆ ఇంట్లో అఫ్సాకి పెళ్ళి జరిగింది, నాన్న దగ్గరుండి చేశాడు, తనే వీడియో తీశాడు. అందులో నేను లేనంతే. నీ పాత ఉత్తరాలు మళ్ళీ తీసి చదివాను. ముఖం పోకముందే రమ్మన్నావు. నేను మొదటి ఉత్తరానికే వచ్చి ఉంటే గుర్తుపట్టేవాడేమో, పట్టేవాడు కాదేమో. దాని గురించి ఇక నాతో అనకు.

టీవీ ఆపకమ్మా. వైరు ఎలుకలు కొట్టకుండా చూసుకో. నన్ను రమ్మనీ రాయకు, రావద్దనీ రాయకు.

అఫ్సా